సీమ దుకాణానికి వాషింగ్టను వ్రాసిన చీటీ

పెళ్ళి నాలుగు రోజులు వుందనగా దర్జీ రవికె తెచ్చి ఇస్తాడు. తొడిగి చూస్తే చేతులు బిగుతు. అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. తల్లి దర్జీమీద కేకలు వేస్తుంది. తండ్రి "నేను ముందే చెప్పానా?" అంటాడు, నిజానికి ఆయన ముందు చెప్పినదేమీ వుండదు. అయినా ప్రమాదం లేదు. దర్జీ వుండేది వీధి చివరే కనుక కుట్లు విప్పి, కాస్త వదులు చేసి, దీపాలు పెట్టే వేళకు మళ్ళీ తెచ్చి ఇస్తాడు.

ఆ దర్జీ వీధి చివర కాక మూడువేల మైళ్ళ సముద్రానికి అవతల వుంటే? కొలతలు కాగితంమీద వ్రాసి పంపాలి. ఆ కాగితం ఓడ ఎక్కాలి. ఓడ క్షేమంగా చేరాలి. దర్జీ కుట్టాలి. కుట్టినది మళ్ళీ ఓడ ఎక్కాలి. ఇంతా జరిగి ఏడాది నాటికి బట్టలు ఇల్లు చేరేసరికి చేతులు బిగుతు! అప్పుడేమి చెయ్యాలి? మరొక ఉత్తరం వ్రాయాలి. మరొక ఏడాది ఎదురు చూడాలి.

ఇది కట్టుకథ కాదు. ఇలా పదిహేనేళ్ళు ఉత్తరాలు వ్రాసి, వ్రాసి విసిగిన ఒక పెద్దమనిషి వున్నాడు. ఆయన పేరు జార్జి వాషింగ్టను. తరువాత అమెరికా సేనలకు అధిపతి అయి, ఆ దేశానికి మొదటి అధ్యక్షుడైన వాషింగ్టనే. లండను వర్తకుడికి ఆయన పంపిన సరుకుల జాబితాలు, వ్రాసిన ఫిర్యాదులు నకళ్ళతో సహా ఈనాటికీ భద్రంగా వున్నాయి. యుద్ధాలగురించి చెప్పే పుస్తకాలకన్న ఒక్కొక్కప్పుడు ఈ సరుకుల చీటీలే మనిషిని మనకు బాగా చూపిస్తాయి.

పొగాకు వెళ్ళేది, పట్టు వచ్చేది

అప్పటికి అమెరికా అనే ప్రత్యేక దేశం లేదు. తూర్పు తీరాన పదమూడు వలస రాజ్యాలు ఇంగ్లీషు రాజు ఏలుబడిలో వుండేవి. అందులో వర్జీనియా పొగాకుకు పేరు. మన గుంటూరు సీమవారికి పొగాకు సంగతి వేరే చెప్పనక్కరలేదు. అయితే వర్జీనియా రైతు తన పొగాకును ఇష్టమైన దేశానికి అమ్ముకొనడానికి వీలులేదు. అది ముందు ఇంగ్లండుకే వెళ్ళి తీరాలని పార్లమెంటు చట్టం.

అందుకని పెద్ద పొలాలున్న ఆసాములంతా లండనులో ఒక్కొక్క వర్తకుణ్ణి పట్టుకునేవారు. ఎండిన ఆకును పెద్ద పెద్ద చెక్క పీపాలలో కూరి, అతని పేర ఓడ ఎక్కించేవారు. వర్తకుడు దానిని అమ్మేవాడు. వచ్చిన డబ్బులో ఓడకూలి, సుంకం, బీమా, గిడ్డంగి ఖర్చులు, తన కమీషను కోసుకునేవాడు. మిగిలినది ఆసామి ఖాతాలో జమకట్టేవాడు. పొగాకుతోబాటు వచ్చిన సరుకుల చీటీ చూసి, బజారుకు వెళ్ళి, కావలసినవి కొని, వాటికీ కమీషను వేసుకుని, ఓడలో పంపేవాడు. ఖాతాలో డబ్బు చాలకపోతే అప్పుగా వ్రాసుకుని వడ్డీ కట్టేవాడు.

చూశారా? పంట అమ్మిపెట్టేవాడు అతడే, ధర చెప్పేవాడు అతడే. సరుకు కొనేవాడు అతడే, ఖరీదు వేసేవాడు అతడే. అప్పు ఇచ్చేవాడు అతడే, ఆవర్జా వ్రాసేవాడూ అతడే. మన వూళ్ళలో పంట తెచ్చి కమీషను కొట్టులో వేసి, ఆ కొట్టులోనే ఎరువులకూ, పెళ్ళికీ అప్పు తెచ్చుకునే రైతుకు ఈ వ్యవహారం కొత్తగా తోచదు. తేడా ఒక్కటే. మన రైతు కొట్టుకు నడిచి వెళ్ళి నాలుగు మాటలు గట్టిగా అడగగలడు. వర్జీనియా ఆసామికి ఆ అవకాశం కూడా లేదు.

వితంతువు పంపిన గౌను

వాషింగ్టను ఇంటికి ఈ లండను ఖాతా అత్తవారి తరఫున వచ్చినది. మార్తా కస్టిస్ భర్త 1757లో చనిపోయాడు. అప్పటికామెకు ఇరవయ్యారేళ్ళు. ఇద్దరు చిన్నపిల్లలు, విశాలమైన పొలాలు, లండనులో రాబర్టు కేరీ కంపెనీతో ఖాతా. భర్త పోయిన నెలా, రెండు నెలలలోపే ఆమె కంపెనీకి స్వయంగా ఉత్తరం వ్రాసింది. తన దుఃఖం తెలియజేసి, ఇకముందు పొగాకు తానే పంపుతాననీ, దానికి మంచి ధర రాబట్టాలనీ కోరింది. చిన్న వయసైనా ఇల్లు చక్కబెట్టుకోగల ఇల్లాలు!

మరుసటి ఏడు ఆమె పంపిన చీటీ చదివితే ఆడవారికి ఆ మనసు ఇట్టే అర్థమవుతుంది. తనకు ఒక జత మంచి దుస్తులు కావాలట. అవి హుందాగా వుండాలి, ఆడంబరంగా వుండకూడదు, అలాగని సంతాపపు దుస్తులూ కాకూడదు. మరొక కోరిక కూడా వుంది. తన పాత గౌను ఒకటి ఓడలో లండనుకు పంపింది, తాను కట్టుకోదగిన కొత్త రంగు అద్దించమని. పోయిన ఏడు పంపిన గౌనుకు రంగు బొత్తిగా బాగా వెయ్యలేదు, ఈసారైనా సరిగా వేయించండి అని గుర్తు చేసింది. గౌనుకు రంగు వేయించడానికి సముద్రం దాటించడం, అది చెడితే మళ్ళీ పంపడం! చాకలిపద్దు లండనులో పెట్టుకున్నట్లుంది.

1759 జనవరిలో ఆమె వాషింగ్టనును పెండ్లాడింది. ఆనాటి ఇంగ్లీషు చట్టంలో భార్య ఆస్తి వ్యవహారమంతా భర్త చేతికి వచ్చేది. మే 1వ తేదీన ఇరవయ్యేడేళ్ళ వాషింగ్టను కేరీ కంపెనీకి ఉత్తరం వ్రాశాడు. పెళ్ళి జరిపించిన ఫాదరీ ఇచ్చిన పత్రం జతచేసి, ఇకమీదట కస్టిస్ ఎస్టేటు ఉత్తరాలన్నీ తన పేర వ్రాయమన్నాడు. ఆ ఉత్తరంతోబాటే కొత్త కాపురానికి కావలసిన సరుకుల జాబితా వెళ్ళింది.

పందిరిమంచం, పట్టుగౌను, పుస్తకాలు

మొదట ఏడున్నర అడుగుల ఎత్తున్న పందిరిమంచం. దానికి నవీనమైన నీలం తెరలు, లేకుంటే నీలం తెలుపు కలిసినవి. గదిలో అంటించిన గోడకాగితం ముక్క ఒకటి ఉత్తరంలో పెట్టాడు, తెరల రంగు దానితో కలవాలని. కిటికీలకూ, దుప్పటికీ, కుర్చీలకూ అదే రంగు. మిఠాయిలు అమర్చే గాజు పాత్రలు. తనకు అరడజను జోళ్ళు. అవి డిడ్స్‌బరీ అనే చర్మకారుడే కుట్టాలి. పాదం కొలత ఏమిటంటే, కల్నల్ బేలరుగారి అచ్చు ఆయన దగ్గర వుంది కదా, దానికన్న కొంచెం పెద్దవిగా, మడమలు ఎత్తుగా కుట్టమన్నాడు!

వ్యవసాయంమీద కొత్త పుస్తకాలు కూడా అడిగాడు. అందులో ఒకదాని పేరుకు తెలుగు చెప్పుకుంటే, "నూతన వ్యవసాయ పద్ధతి, లేక త్వరగా ధనవంతులయ్యే మార్గం". ఆ పుస్తకం ఎంతవరకు పనిచేసినదో ముందు ముందు చూద్దాము.

ఆ ఏడే సెప్టెంబరులో మరొక జాబితా. మార్తాకు సామన్ చేప రంగు పట్టుగౌను. దానిమీదికి బ్రస్సెల్సు లేసు కుచ్చులు, ఒక్క లేసుకే ఇరవై పౌన్లు. పిల్లలకు పది షిల్లింగుల ఆటవస్తువులు, చదువు నేర్చుకునేవారికి తగిన ఆరు చిన్న పుస్తకాలు. హాలులో అలంకారానికి అలెగ్జాండరు, జూలియస్ సీజరు, మార్ల్‌బరో వంటి వీరుల తలల బొమ్మలు, రెండు క్రూరమృగాలు.

ఈ జాబితాల్లో ఇంకొక సరుకు కూడా కనిపిస్తుంది. ఓస్నబర్గ్ అనే ముతక నారబట్ట, వందల గజాలు. అది వాషింగ్టనుకు కాదు, మార్తాకు కాదు. పొగాకు నాటి, కలుపు తీసి, ఆకు కోసి, ఎండబెట్టి, పీపాలలో కూరే నీగ్రో బానిసలకు. ఇరవై పౌన్ల లేసును సంపాదించి పెట్టినది ఈ ముతకబట్ట కట్టినవారి రెక్కల కష్టం. సరుకుల చీటీ నిజం దాచదు. రెండింటినీ ఒకే కాగితంమీద వరసగా చూపిస్తుంది.

మన బందరు అద్దకాల మాట

ఆ రోజులలో అమెరికా వలసలలోని ఇల్లాండ్రు మెచ్చే గుడ్డలలో మన దేశపు అద్దకాలు కూడా వున్నాయి. చింట్జ్ అనే ఇంగ్లీషు మాట మన దేశపు ఛీంట్ నుంచి వచ్చినదే. పలంపూర్ అని వారు పిలిచే పూలచెట్ల దుప్పటి మన పలంగ్‌పోష్, అంటే మంచంమీద పరిచేది. కోరమాండల్ తీరమంతటా, మచిలీపట్నం చుట్టుపట్లా నేసి, కలంతో రంగు పెట్టిన ఈ గుడ్డలు ఓడలలో లండను వెళ్ళేవి. ఇంగ్లీషు కంపెనీవారు బందరులో కొఠీ పెట్టినది 1611లోనే.

విచిత్రమేమంటే, ఈ అద్దకాల దెబ్బకు తమ నేతగాండ్రు దివాలా తీస్తున్నారని ఇంగ్లీషు పార్లమెంటు వాటిని తమ దేశంలో కట్టకూడదని నిషేధించింది. 1700లో ఒక చట్టం, 1721లో మరింత గట్టి చట్టం. కాని లండను గిడ్డంగిలో దింపి, అక్కడినుంచి ఇతర దేశాలకు అమ్ముకుంటే తప్పులేదు. కనుక లండను దొరసాని కట్టకూడని బందరు చీటీగుడ్డ వర్జీనియా దొరసాని హాయిగా కట్టవచ్చు. అయితే అది బందరునుంచి నేరుగా రాకూడదు. లండను మీదుగానే రావాలి. నేసినవాడు ఒకచోట, కట్టేవాడు ఒకచోట. లాభం మాత్రం నడుమ కూర్చున్నవానిది.

మరొక సంగతి. వాషింగ్టను కేరీ కంపెనీకి మొదటి చీటీ వ్రాసినది 1759 మే 1న అనుకున్నాము కదా. మూడువారాలకు పైగా ముందు, ఏప్రిల్ 7వ తేదీ రాత్రి, కర్నల్ ఫోర్డు మచిలీపట్నం కోటమీదికి లగ్గలెక్కించి ఫ్రెంచివారినుంచి దానిని పట్టుకున్నాడు. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి పోవడానికి అది నాంది. అక్కడ ఒక ఆసామి సీమ సరుకుకు చీటీ వ్రాస్తూ లండను ఆవర్జాలో పడుతున్న రోజులలోనే ఇక్కడ మన జిల్లాలు కంపెనీ ఆవర్జాలో పడ్డాయి.

పొడుగు చేతుల పెద్దమనిషి

ఇక సరుకులు రావడం మొదలైనది. వాటితోబాటు వాషింగ్టను ఫిర్యాదులు కూడా.

వీరుల తలలు కోరాడు కదా. ఆ కొలతలో అటువంటి బొమ్మలు దొరకలేదని చెప్పి, బదులుగా ట్రాయ్ నగరం తగులబడుతూంటే తండ్రిని భుజాలమీద మోసుకుపోతున్న ఈనియాస్ విగ్రహం పంపారు. ఈనియాస్ అంటే వారి పురాణాలలో మన శ్రవణకుమారుడి వంటివాడు. మంచి బొమ్మే. కాని సీజరును అడిగినవానికి శ్రవణకుమారుణ్ణి పంపితే ఏం చేస్తాడు? మూడువేల మైళ్ళు తిప్పి పంపలేక హాలులో పెట్టుకుంటాడు.

1760 సెప్టెంబరులో కేరీ కంపెనీకి వ్రాసిన ఉత్తరంలో ఆయన మనసులోని మాట బయటపెట్టాడు. మంచివీ, నవీనమైనవీ అడిగితే, మా ముత్తాతల కాలంలో వాడి వుండవలసిన వస్తువులు వస్తున్నవి అన్నాడు. ఎగుమతి సరుకు అని తెలిస్తే చాలు, లండను దుకాణదారులు పాతవీ నాసివీ అంటగట్టి, పైగా నూటికి పదో, పదిహేనో, ఇరవయ్యో ఎక్కువ వేస్తున్నారని తన అనుమానం అన్నాడు.

ఆ అనుమానం ఎంత గట్టిపడినదో చూడండి. 1761లో మార్తా కూతురు పాట్సీకి స్పినెట్ అనే చిన్న పియానో వంటి వాద్యం కావలసి వచ్చింది. లండనులో ప్లినియస్ అనే ప్రసిద్ధుడు చేస్తాడు. వాషింగ్టను వర్తకుణ్ణి ఒక ఉపకారం కోరాడు. దయచేసి ఆ వాద్యం మీకోసమో, మీ స్నేహితుని కోసమో అన్నట్లు చేయించండి. ఓడమీద వలసలకు పోయేదని మాత్రం తెలియనివ్వకండి! తన డబ్బు పెట్టి కొనే వస్తువుకు తన పేరు చెప్పుకోలేని స్థితి.

బట్టల సంగతి మరీ దారుణం. వాషింగ్టను ఆరడుగుల మనిషి. 1763లో తన లండను దర్జీకి ఆయన వ్రాసిన ఉత్తరం ఇలా సాగుతుంది: సన్నని ఉన్నితో మంచి దుస్తులు కుట్టి పంపండి. కొలతలు పంపుదామంటే ఇక్కడివారికి కొలవడం సరిగా రాదు. కనుక అక్కడే చక్కగా దుస్తులు తొడిగే పెద్దమనిషి నెవరినైనా చూచి ఆయన కొలతలు తీసుకోండి. ఆరడుగుల ఎత్తు, ఆ ఎత్తుకు లావుకన్న కొంచెం సన్నపు ఒడ్డూ, కాస్త పొడుగైన చేతులూ, తొడలూ వున్నవాడైతే సరిపోతుంది. లాగు మాత్రం పోయినసారి పంపినదానికన్న పొడుగు పెట్టండి.

లండను వీధిలో ఆరడుగుల మనిషి కోసం టేపు పట్టుకుని ఎదురుచూస్తున్న దర్జీని తలచుకుంటే మనకు నవ్వు వస్తుంది. పొట్టి లాగు తొడుక్కుని నలుగురిలోకి వెళ్ళవలసిన వానికి నవ్వు వచ్చి వుండదు.

1768లో ఒక గుర్రపుబండి తెప్పించాడు. బాగా ఎండిన చెక్కతో, పేరున్న పనివానిచేత చేయించండి అని మరీ మరీ వ్రాశాడు. ఆకుపచ్చ రంగు వేసి అందంగానే పంపారు. కాని పచ్చిచెక్క. రెండు నెలలు తిరగకముందే పలకలు చట్రంలోనుంచి జారిపోయి, నిలువునా బద్దలైనాయి.

నాసిరకం సరుకు, మేలురకం ధర

సరుకు బాగులేకపోవడం సగం కష్టమే. మిగతా సగం ఆవర్జాలో వుంది.

వాషింగ్టను తన పొగాకు శ్రేష్ఠమైనదనే నమ్మేవాడు. కాని పక్క ఆసాముల ఆకుకు వచ్చిన ధర తన ఆకుకు రావడం లేదు. 1765లో ఆయన కోపంగానే వ్రాశాడు. మీరు పంపిన నారబట్టలూ, ఉన్నిబట్టలూ, మేకులూ నాణ్యంలో నాసిగా వున్నవి. ధరలో మాత్రం నేను ఇంతవరకు కొన్నవాటి నన్నిటినీ మించిపోయినవి అని ఎత్తిపొడిచాడు.

అప్పటికే అప్పు నెత్తిమీదికి వచ్చింది. పెళ్ళినాటికి మార్తా తెచ్చిన సంపద తక్కువది కాదు. అయిదేళ్ళు తిరిగేసరికి, 1764లో, కేరీ కంపెనీ లెక్క పంపింది. బాకీ 1,800 పౌన్లకు పైగా! వాషింగ్టను నిర్ఘాంతపోయాడు. అప్పులో చిక్కుకొనడం స్వేచ్ఛ కోరే మనసుకు ఎంతో చికాకు అని వారికే జవాబు వ్రాశాడు. "త్వరగా ధనవంతులయ్యే మార్గం" అలమారులో వుండగానే ఇది జరిగింది.

తప్పంతా వర్తకునిదే అనడం న్యాయం కాదు. పట్టుగౌనులూ, లేసులూ, వెండిసామానూ కోరినది వాషింగ్టనే. చీటీ వ్రాసేటప్పుడు చేతిలో డబ్బు లెక్కపెట్టనక్కరలేదు. ధర ఎంతో అప్పుడు తెలియదు. పొగాకు ఎంతకు పోతుందో అంతకన్నా తెలియదు. తెలిసేసరికి సరుకు ఇంట్లో వుంటుంది, పద్దు లండనులో వుంటుంది. చేతిలోనుంచి రూపాయి జారకుండా వస్తువు ఇంటికి వచ్చే ఏ ఏర్పాటులోనైనా వున్న చిక్కే ఇది. ఈ రోజులలో నెల నెలా వాయిదాలు కట్టే గృహస్థులకు ఇది అనుభవమే.

అయితే వాషింగ్టను ఊరుకోలేదు. 1766 నాటికి మౌంటు వెర్నన్‌లో పొగాకు మానేసి గోధుమ వేయించాడు. గోధుమను దగ్గర బజారులోనే అమ్ముకోవచ్చు. ఇంట్లో రాట్నాలు, మగ్గం పెట్టించాడు. 1768లో ఆ మగ్గంమీద ఎనిమిది వందల గజాలకు పైగా నారబట్ట దిగింది. వడికినవారిలో ఎక్కువమంది బానిస పిల్లలే.

నలుగురూ ఏమనుకుంటారు?

1767లో పార్లమెంటు వలసలకు వెళ్ళే గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకులమీద సుంకం వేసింది. మా ప్రతినిధి లేని సభ మామీద పన్ను వెయ్యడమేమిటని అమెరికనులు ఆందోళన సాగించారు. సీమ సరుకులు కొనడం మానివేద్దామన్న మాట పుట్టింది.

1769 ఏప్రిల్ 5న వాషింగ్టను తన పొరుగున వున్న జార్జి మేసనుకు వ్రాసిన ఉత్తరం ప్రతి మధ్యతరగతి కుటుంబంలోనూ చదువుకోదగినది. అందులో రాజకీయం ఎంత వుందో సంసారం అంత వుంది. అప్పులలో వున్న పెద్దమనిషి ఖర్చు తగ్గించుకోవాలని తెలిసి కూడా ఎందుకు తగ్గించుకోలేడో ఆయన చెప్పాడు. ఇన్నాళ్ళు ఇలా బ్రతికినవాణ్ణి ఇప్పుడు మార్చుకోవడం సిగ్గు కదా. మార్చుకుంటే వీడి ఆస్తి కరిగిపోయిందని లోకం అనుకుంటుంది కదా. ఆ అనుమానం ఎవరికీ రాకూడదు కదా, అని ఆ మనిషి వెనుదీస్తాడట. అందరూ కలిసి సీమ సరుకు మానితే ఆ మొగమాటం తీరిపోతుంది. పొదుపు చేసేవానికి అది దేశభక్తి అవుతుంది.

పరువు కోసం పడే ఈ పాట్లు ఆయన ఎవరిని చూచి వ్రాశాడో వేరే చెప్పాలా? తన ఇంటి ఆవర్జాయే ఆయనకు ఆ పాఠం చెప్పి వుంటుంది.

ఆ ఏడు జూలైలో కేరీ కంపెనీకి వెళ్ళిన చీటీలో కొత్త షరతు చేరింది. నా జాబితాలో సుంకం వేసిన వస్తువు ఏదైనా వుంటే, కాగితం తప్ప, ఆ చట్టాలు రద్దయ్యేవరకు పంపవద్దు. పదేళ్ళు వర్తకుణ్ణి బతిమాలిన చేయి మొదటిసారి "వద్దు" అని వ్రాసింది.

పాట్సీ వాద్యం

ఈ కథలో పాట్సీని మరచిపోకూడదు. ఎగుమతికని తెలియనివ్వకుండా వాద్యం తెప్పించినది ఈ పిల్లకే. అప్పటికామెకు అయిదారేళ్ళు. అదే చీటీలో, కొత్త వేషం వేసిన బొమ్మ ఒకటి గినీ ఖరీదుది కావాలని వుంది. ఏటేటా పెరుగుతున్న పిల్లకు ఏటేటా గౌనులు, జోళ్ళు. ఆ జాబితాలు వరసగా చదువుతూ పోతే ఒక ఆడపిల్ల మన కళ్ళముందే ఎదుగుతుంది.

పాట్సీకి మూర్ఛరోగం వచ్చింది. ఎందరు వైద్యులు చూచినా, ఎన్ని మందులు వాడినా లాభం లేకపోయింది. 1773 జూను 19న, పదిహేడో ఏట, ఆమె కన్నుమూసింది. కన్నతండ్రి ఆస్తిలో ఆమెకు వచ్చిన వాటా, ఆమె పోయాక, సగం అన్నకూ సగం తల్లికీ వచ్చింది. తల్లి వాటాతో వాషింగ్టను కేరీ కంపెనీ బాకీ తీర్చాడు.

బొమ్మలూ, వాద్యమూ, గౌనులూ ఎవరి కోసమని ఆ ఖాతాలో వ్రాయించారో, ఆ ఖాతా చివరకు ఆ పిల్ల సొమ్ముతోనే తీరింది. ఆ ఋణం తీర్చిన రోజున ఆ ఇంట్లో ఎవరికి సంతోషం వుంటుంది?

గోధుమ రంగు దుస్తులు

ఆ డిసెంబరులోనే బోస్టను రేవులో కంపెనీ తేయాకు పెట్టెలు సముద్రంలో పడ్డాయి. 1775లో యుద్ధం మొదలైనది. 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఇంగ్లీషు సేనాని కారన్‌వాలీసు వాషింగ్టనుకు లొంగిపోయాడు. ఆయనే అయిదేళ్ళకు మనకు గవర్నరు జనరలుగా వచ్చాడు. అక్కడ పోయినది ఇక్కడ రాబట్టుకొనడానికి వచ్చినట్లు!

పొట్టి లాగుల వల్ల అమెరికాకు స్వాతంత్ర్యం వచ్చిందని ఎవరూ అనరు. దానికి వేరే పెద్ద కారణాలు చాలా వున్నవి. కాని రాజభక్తితో వుండిన ఒక సంపన్న ఆసామికి, తానెంత గొప్పవాడైనా లండను దృష్టిలో రెండోరకం మనిషే అని మొదట తెలిపినది పార్లమెంటు కాదు, బజారు. సరుకు విప్పిన ప్రతిసారీ ఆ సంగతి ఆయనకు మళ్ళీ తెలిసింది.

1789 ఏప్రిల్ 30న న్యూయార్కులో వాషింగ్టను మొదటి అధ్యక్షుడుగా ప్రమాణం చేశాడు. ఆనాడు ఆయన తొడిగినది లండను ఉన్ని కాదు. కనెక్టికటు రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో నేసిన గోధుమ రంగు బట్ట. దానికోసం మూడు నెలలముందే స్నేహితునికి వ్రాసి తెప్పించుకున్నాడు. స్వదేశపు బట్ట తప్ప మరొకటి తొడగడం పెద్దమనుషులకు నామోషీ అయ్యే రోజు త్వరలోనే వస్తుందని ఆ జనవరిలోనే ఫ్రాన్సులోని లాఫయెట్‌కు కూడా వ్రాశాడు.

ఆ రోజు అంత త్వరగా రాలేదు. యుద్ధం తరువాత ఆయన కూడా సీమ సరుకు కొన్నాడు. ముతకబట్ట కట్టినవారికి కూడా ఆ స్వాతంత్ర్యం అందలేదు. 1799లో ఆయన పోయేనాటికి మౌంటు వెర్నన్‌లో 317 మంది బానిసలున్నారు. అందులో తన సొంతమైన 123 మందిని విడిచిపెట్టమని వీలునామా వ్రాశాడు. మిగిలినవారు చాలామంది కస్టిస్ ఎస్టేటువారు. వారిని విడిపించే హక్కు చట్టప్రకారం ఆయనకు లేదు.

మనకు ఈ కథ ఎక్కడో విన్నట్లుంటుంది. నూరేళ్ళ తరువాత మన పత్తి లంకషైరుకు వెళ్ళి, ధోవతులై తిరిగి వచ్చింది. విదేశీ వస్త్రాలను వీధులలో కుప్పపోసి తగులబెట్టిన 1921 నాటి జ్వాలలూ, పొందూరు రాట్నాలమీద వడికిన సన్ననూలూ మన పెద్దలు చెప్పగా విన్నవే. వాషింగ్టను గోధుమ రంగు కోటుకూ మన తాతల ఖద్దరు పంచెకూ బంధుత్వం వుంది.

పెట్టెలో వున్న తాతగారి ఖద్దరు పంచె ఎప్పుడైనా చేతికి తగిలితే ఒక్కసారి నిమిరి చూడండి. ముతకగానే వుంటుంది. కాని దాని పద్దు ఏ సీమ ఆవర్జాలోనూ వుండదు.